వంజరం లేదా తత్సమానం

మా సంచాలకులు పరాంకుశరావు గారు ప్రభుత్వ ఖర్చు మీద ఒక చలిదేశం వెళ్లి, అక్కడ సముద్రపు ఒడ్డున ఒక హోటల్లో పదిమంది విందు చేస్తుంటే పక్కన కూర్చుని చూసి వచ్చారు. ఆయన శాకాహారి. మద్యం వాసన గిట్టదు. అందుచేత ఆ విందులో ఆయన ఉడికించిన బంగాళాదుంప తిన్నారు. అయినా పరిశీలన మానలేదు. వాళ్లు అప్పటికప్పుడు వేయించిన చేపముక్క నోట్లో పెట్టుకోవడం, వెంటనే చల్లటి తెల్ల వైన్ ఒక గుక్క తాగడం, ఆ తర్వాత వాళ్ల మొహాలు ఒక విధంగా అయిపోవడం ఆయన కళ్లారా చూశారు. తిరిగొచ్చిన మర్నాడే ఆ మొహాలు మన జిల్లాలో ఎందుకు లేవని మమ్మల్ని నిలదీశారు.

ఆలోచిస్తే తప్పు ఎవరిదీ కాదు. మా జిల్లాలో పైన మంచుమెట్ట ఉంది. అక్కడ పగలు కూడా దుప్పటి కప్పుకుంటారు. కొండ సహకార సంఘం వాళ్లు కొన్నేళ్లుగా ద్రాక్ష వేస్తున్నారు. కింద చిననూకపాలెం రేవు ఉంది. అక్కడ తెల్లారేసరికి పడవలు చేపలతో ఒడ్డెక్కుతాయి. పైనున్న ద్రాక్షకి కింద చేప ఉన్నట్టు తెలియదు, కిందనున్న చేపకి ద్రాక్ష సంగతి తెలియదు. లోపించింది సమన్వయం. సమన్వయం అంటే ప్రభుత్వంలో ఒక కార్యాలయం, ఒక జీపు, ఒక పరిపాలనాధికారి. ఆ పరిపాలనాధికారిని నేను.

కార్యాలయం పేరు శీతల మండల ద్రాక్షాసవ సత్వర సముద్రాహార సమన్వయ మండలి. బోర్డు రాసినవాడు గోడ చాలక మిగతా సగం మూల తిప్పి పక్క సందులో రాశాడు. రోడ్డు మీదికి ‘శీతల మండల’ వరకే కనిపించేది. అది చూసి ఒకాయన శీతల గిడ్డంగి అనుకుని బస్తాల కొద్దీ బంగాళాదుంపలు దించాడు. ఇక జీపు. ఉత్తర్వులో ‘ఒక జీపు లేదా తత్సమానమైన వాహనం’ అని ఉండటంతో మాకు ఒక ఆటో ఇచ్చారు. నేనేమీ బాధపడలేదు. ఆ ఉత్తర్వు చిత్తు ప్రతి రాసింది నేనే. మా కార్యాలయంలో ఏ వస్తువు పేరూ ఒంటరిగా వదలం. పక్కన ‘లేదా తత్సమానం’ అని ఒక తోడు పెడతాం. రేపు ఆ వస్తువు దొరక్కపోతే ప్రభుత్వం ఆగిపోకూడదు కదా.

తర్వాత సభ్యుల ఎంపిక. మా సంచాలకుల దూరదృష్టి బయటపడింది ఇక్కడే. ఏ చేపకి ఏ వైన్ జత అని తేల్చే మనిషికి చేప మీద గానీ వైన్ మీద గానీ ఇష్టం ఉండకూడదు. ఇష్టం ఉంటే పక్షపాతం ఉంటుంది. పక్షపాతం ఉంటే కోర్టు కేసు ఉంటుంది. పైగా అధికారి ఎవరి చేతి వంటయినా ఊరికే తింటే అది లంచం. డబ్బిచ్చి తింటే ఆయన వినియోగదారుడు, అంటే లబ్ధి పొందినవాడు. అందుచేత సభ్యులు తాము పుట్టి బుద్ధెరిగాక చేప తినలేదనీ మద్యం ముట్టలేదనీ ప్రమాణపత్రం ఇవ్వాలని నిబంధన పెట్టాం. ఓడల్లో ఇరవై ఏళ్లు భోజనశాల చూసిన పెద్దమనిషి ఒకాయన కూడా దరఖాస్తు పెట్టాడు. నాలుగు ఖండాల వైన్ల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. ఆయన అనుభవం కింద రాసుకున్నదంతా పరిశీలించి, అది వ్యసనం కిందికి వస్తుందని తేల్చి తిప్పి పంపాం.

చివరికి నిలిచింది భీమశంకరం గారు. నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. అన్నేళ్లు చెరువుగట్ల మీద తిరిగి కూడా చేపను దగ్గరగా చూడలేదన్నది ఆయనకున్న అదనపు అర్హత. మా మండలికి ఆయనే ఏకైక సాంకేతిక సభ్యులు. నాకైతే ఉల్లిపాయ కూడా పడదు. నా నియామకం మీద ఒక్క అభ్యంతరం రాలేదు.

మంచుమెట్ట మీది సహకార సంఘానికి సోమన్న అధ్యక్షుడు. చలికి ముడుచుకుపోయినట్టుండే చిన్న మనిషి. తొలి కాపుతో చేసిన వైన్ మూడు సీసాలు గోనెలో చుట్టుకుని, బస్సు మారి, మా కార్యాలయానికి తెచ్చాడు. అతనికి తెలియాల్సింది ఒక్కటే. ఇది చేపలతో ఎలా ఉంటుంది? అతని కొండ మీద వాగు చేప దొరుకుతుంది గానీ సముద్రపు చేప దొరకదు. మేము సీసాలకి లక్కముద్ర వేసి బీరువాలో పెట్టాం. ఎప్పుడు తాగి చూస్తారని అడిగాడు. ముద్ర విప్పితే అది నమూనా కాకుండా పోతుందనీ, నమూనా లేకుండా పరీక్ష జరగదనీ నేను ఓపిగ్గా వివరించాను. అతను కాసేపు బీరువా వైపు చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

సీసా విప్పకుండా వైన్‌ని పరీక్షించడం అందరివల్లా అయ్యే పని కాదు. భీమశంకరం గారి వల్ల అయింది. ఆయన సీసాని కిటికీ దగ్గర ఎండకి పట్టి చూశారు. తూచారు. చెవి దగ్గర పెట్టి కదిపారు. వారం తిరక్కుండా సమతుల్యతా సూత్రం అని ఒకటి కనిపెట్టారు. దాని ప్రకారం సముద్రమట్టానికి ఎంత ఎత్తున ద్రాక్ష పండుతుందో, సముద్రమట్టానికి అంత లోతున తిరిగే చేపే దానికి జత. పైదీ కిందదీ కూడితే సున్నా రావాలి. సున్నా వస్తే జత కుదిరినట్టు. మంచుమెట్ట ఎత్తు మూడు వేల అడుగులు. మూడు వేల అడుగుల లోతున ఏ చేప ఉంటుందని రేవులో విచారిస్తే, అంత లోతుకి వెళ్లిన వల గానీ తిరిగొచ్చిన మనిషి గానీ లేడని చెప్పారు. సూత్రం మాత్రం చాలా బాగుందని సంచాలకులు మెచ్చుకుని, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు లోతు తక్కువైన చేపలను తాత్కాలిక ప్రాతిపదికన అనుమతించారు.

ఆ వెంటనే ప్రకటన వెలువడింది. రేవులో చేపలు వేయించి అమ్మే ప్రతి దుకాణమూ తన వంటకానికి తగిన జతతో సహా మండలి దగ్గర యోగ్యతా పత్రం పొందాలి. పొందని దుకాణాలను ఏడాది చివరికల్లా రోడ్డు అవతల తుమ్మల దిబ్బలోకి తరలిస్తారు. ‘వైన్’ అన్న మాట చూసి సగం పాలెం సంబరపడింది. మా వైపు ‘వైన్స్’ అని బోర్డున్న దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. బ్రాందీ దుకాణం రేవులోకే వస్తోందనుకుని కొందరు అప్పుడే చోటు చూసుకున్నారు. మిగతా సగం పాలెం భయపడింది. ఆ సగంలో మొదటి మనిషి నూకరత్నం.

నూకరత్నం దుకాణం అంటే నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్, రెండు పొయ్యిలు. పడవలు సరిగ్గా దాని ముందే ఒడ్డెక్కుతాయి. వల దులిపిన చేప వంద అడుగులు కూడా నడవకుండా ఆవిడ పెనం మీదికి వస్తుంది. వంజరం ముక్కలు పల్చగా కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, పెనం మీద రెండు వైపులా కాల్చి, నిమ్మకాయ పిండి ఇస్తుంది. ఊళ్లోంచి కార్ల మీద వచ్చి నిలబడి తింటారు. ప్రకటన చూసిన మర్నాడే ఆవిడ మా కార్యాలయానికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

‘‘మా అత్త కాడ్నించి ఆ జాగాలోనే ఏపుతున్నాం బాబూ,’’ అంది. ‘‘నాకీ వయినొద్దు, మీ పత్రం పేరు పలకడం కూడా నాకు రాదు. ఆ జాగా నాకుంటే సాలు. తుమ్మల్లోకి పొమ్మంటే నాను పోతాను, సేప నడిసొస్తాదా?’’

చేప నడిచే విషయం మా పరిధిలోకి రాదని చెప్పాను. పరీక్షకి మాత్రం పేరు రాసుకున్నాను. మనిషి మాట మర్యాదగా ఉంది. గట్టిగా మాట్లాడితే పని చెడుతుందని తెలిసిన మనిషి.

పరీక్ష రోజు ఆటోలో రేవుకి వెళ్లాం. పత్రంలో మొదటి అంశం సత్వరం. పది నిమిషాల్లో తయారుకాని వంటకం సత్వరం కాదు. భీమశంకరం గారు చేతి గడియారం విప్పి పట్టుకున్నారు. వంట ఎప్పుడు మొదలైనట్టు అనే దాని మీద కొంత చర్చ జరిగింది. పొయ్యి వెలిగించినప్పుడా, చేప కోసినప్పుడా, పడవ బయల్దేరినప్పుడా? పడవ నుంచి లెక్కిస్తే ఏ చేపా సత్వరం కాదు. చివరికి ముక్క పెనాన్ని తాకిన క్షణం అని ఖాయం చేశాం. నూకరత్నం టీ కాగేంత సేపట్లో పళ్లెం ముందు పెట్టింది. రెండో అంశం సులభం. ఇది సులభమా అని ఆవిడనే అడిగాం. సులభమే అంది. ముప్ఫై ఏళ్లుగా చేస్తోంది మరి.

మూడో అంశం రుచి. పళ్లెం మా ముగ్గురి మధ్యా పొగలు కక్కుతోంది. సంచాలకులు భీమశంకరం గారి వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు. నేను సముద్రం వైపు చూశాను. రుచి ఎలా ఉంటుందని ఆవిడని అడిగితే బాగుంటుందంది. అది స్వప్రయోజనం గల సాక్ష్యం కాబట్టి చెల్లదు. అక్కడ తింటున్నవాళ్లని అడుగుదామంటే వాళ్లు లబ్ధిదారులు. మేము ఆలోచిస్తుండగానే పాలెం పిల్లి ఒకటి వచ్చి పళ్లెంలోంచి ఒక ముక్క పట్టుకుపోయింది. దాని అభిప్రాయం స్పష్టంగానే ఉంది గానీ, పూర్వానుభవం ఉన్న పిల్లి కావడంతో నమోదు చేయలేకపోయాం. రుచి గడి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ గడి ఉన్న పత్రం మీద సంతకం పడదు. పాలెంలో ఉన్న ప్రతి దుకాణంలో, నెత్తళ్ల దగ్గర్నుంచి రొయ్యల వరకు, ఇదే జరిగింది. అన్ని చేపలూ పెండింగులో పడ్డాయి.

ఈ ప్రతిష్టంభన నుంచి బయటపడటానికి సంచాలకులు ఒక ఉత్సవం తలపెట్టారు. మంత్రిగారి సమక్షంలో, వేదిక మీద, చేపనూ వైన్‌నీ బహిరంగంగా జత కలుపుతారు. అంతమంది ముందు జరిగాక దానికి పక్షపాతం అంటదు. తేదీ విషయంలో భీమశంకరం గారు పట్టుదలగా ఉన్నారు. చలి ప్రాంతపు వైన్ కాబట్టి చలిలోనే విడుదల కావాలి. వాతావరణ శాఖ లెక్కలు తెప్పించి, పొగమంచు దిగే వారంలో ఒక సోమవారం ఖరారు చేశారు. మంత్రిగారు ఒప్పుకున్నారు. శిలాఫలకం కూడా చెక్కించాం.

ఆ సోమవారం కార్తీక సోమవారమని మాలో ఒక్కరూ గమనించలేదు. ఎలా గమనిస్తాం? నెల పొడుగునా చేప మానేసేది చేప తినేవాళ్లు. సీసా మానేసేది తాగేవాళ్లు. మా ముగ్గురికీ మానడానికి ఏమీ లేదు కాబట్టి, మా ఇళ్లల్లో కార్తీకం వచ్చిందో పోయిందో వంటింటిని చూస్తే తెలియదు.

ఉత్సవం ముందురోజు ఏర్పాట్లు చూడటానికి వెళ్తే పాలెంలో సగం మంది మగాళ్లు నల్లపంచెలు కట్టుకుని, మెడలో మాలలతో, చెప్పుల్లేకుండా ఎదురయ్యారు. పందిరి వేస్తున్నవాళ్లు మాలలో ఉన్నారు. మైకువాడు మాలలో ఉన్నాడు. సాయంత్రం కబురొచ్చింది, మంత్రిగారు కూడా మాలలో ఉన్నారని. ఆయన ఉన్న వేదిక మీదికి నీసు వాసన గానీ సీసా గానీ రాకూడదు. వాయిదా వేద్దామంటే ఫలకం మీద తేదీ చెక్కేశాం. సంచాలకులు పందిట్లో అటూ ఇటూ నడిచారు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. చలిదేశంలో చూసి వచ్చిన ఆ మొహాల కోసం ఏడాదిగా కష్టపడుతున్న మనిషి.

అప్పుడు గుర్తొచ్చి నేనే చెప్పాను. ఉత్సవపు ఉత్తర్వులో ‘వంజరం వేపుడు లేదా తత్సమానం, మంచుమెట్ట ద్రాక్షాసవం లేదా తత్సమానం’ అని ఉంది. సంచాలకులు ఆగిపోయి నా భుజం మీద చెయ్యి వేశారు. నా సర్వీసులో అలాంటిది అదొక్కసారే జరిగింది.

తత్సమానం కోసం దూరం వెళ్లనక్కర్లేకపోయింది. కార్తీకంలో నూకరత్నం రెండో పొయ్యి మీద వేరే పెనం పెడుతుంది. ఆ పెనం చేపను ఎరగదు. అరటికాయని వంజరం ముక్కలా ఏటవాలుగా, అంతే మందాన కోసి, వెల్లుల్లి లేకుండా అదే కారం పట్టించి కాలుస్తుంది. మాల వేసుకున్న పడవవాళ్లకి నెల రోజులూ అదే ఆధారం. పాలెంలో దాన్ని కార్తీకం సేప అంటారు. పక్కన ద్రాక్షరసంలో సోడా, నిమ్మకాయ కలిపి ఇచ్చే ఏర్పాటు మేం చేశాం.

మర్నాడు ఉత్సవం వైభవంగా జరిగింది. మంత్రిగారు ఒక ముక్క తిని, ఒక గుక్క తాగి, మళ్లీ ముక్క కోసం చెయ్యి చాపారు. అసలు సంగతి ఆ తర్వాత. ఏడాదిలో మొదటిసారి మా ముగ్గురికీ తినగలిగిన పళ్లెం ఎదురైంది. భీమశంకరం గారు ఒక ముక్క పరిశీలించారు. రెండో ముక్క పరిశీలించారు. మూడో పళ్లెం దగ్గర ఆయన రుచి గడి నింపుతూ ‘అత్యుత్తమం’ అని రాశారు. సంచాలకులు కళ్లు మూసుకుని నమిలారు. నిజం చెప్పాలంటే నాకూ చాలా బాగుంది. అంత మంచి వేపుడు నేను ఎప్పుడూ తినలేదు.

ఫలితం మీరు ఊహించగలరు. రుచి గడితో సహా అన్ని గడులూ నిండిన వంటకం మండలి చరిత్రలో అదొక్కటే. కాబట్టి యోగ్యతా పత్రం దానికే వచ్చింది. వారంలోగా సంచాలకులు ఉత్తర్వు ఇచ్చారు. ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, చిననూకపాలెం రేవులోని దుకాణాలన్నీ ఇకమీదట యోగ్యత నిర్ధారణ అయిన జతను మాత్రమే అమ్మవలెను. నిర్ధారణ కాని వంటకములు, అనగా చేపలు, రొయ్యలు, పీతలు మొదలగునవి అమ్మిన యెడల దుకాణం తొలగించబడును. సముద్రాహార మండలి చేసిన మొదటి పని సముద్రపు ఒడ్డున సముద్రాహారాన్ని ఆపడం అని ఊళ్లో ఎవరో నవ్వారట. అవగాహన లేనివాళ్లు నవ్వుతారు.

ఉత్తర్వు పట్టుకుని నేనే వెళ్లి నూకరత్నానికి చదివి వినిపించాను. కార్తీకం అయిపోయింది. ఆవిడ ముందు తడి వంజరాలు బుట్టలో మెరుస్తున్నాయి. చదవడం అయ్యాక ఆవిడ ఆ బుట్ట మీద తడిగుడ్డ కప్పింది. అది చూడటానికి నాకు బాగోలేదు. ఆవిడ తప్పు చేయలేదు, పరీక్షలో తప్పలేదు, పైగా మా పరువు కాపాడింది. అయినా నాలుగు రోజులు అరటికాయ అమ్మితే, చేప కోసం కార్లలో వచ్చే జనం రావడం మానేస్తారని నాక్కూడా అర్థమవుతూనే ఉంది. జాగా ఉంటుంది గానీ దాని ముందు మనిషి ఉండడు. ఆ మాట పైకి అనడానికి నాకు అధికారం లేదు.

చివరికి, జత పేరున్న వరస ఇంకోసారి చదవమంది. చదివాను. ‘అరటికాయ వేపుడు లేదా తత్సమానం, ద్రాక్షరసం లేదా తత్సమానం.’

‘‘ఆ తత్సమానమంటే ఏటి బాబూ?’’

దాని బదులు పెట్టినా దానితో సరిసమానంగా చెల్లేదని చెప్పాను. మొన్న వంజరం బదులు అరటికాయ పెట్టాం కదా, అలాగన్నాను.

‘‘అయితే అది అటే నడుస్తాదా, ఇటు కూడా నడుస్తాదా?’’

సమానమంటే రెండు వైపులా సమానమేనని చెప్పాను. చదువుకున్నవాడిగా ఇంకో విధంగా చెప్పలేను. ఆవిడ తలూపి, బుట్టలోంచి ఒక వంజరం తీసి బల్ల మీద పెట్టుకుంది. నేను లేచి వచ్చేశాను.

రెండు నెలల తర్వాత ఆ చలిదేశం నుంచే ముగ్గురు ప్రతినిధులు మా ప్రగతి చూడటానికి వచ్చారు. సంచాలకులు వాళ్లని నేరుగా నూకరత్నం దుకాణానికి తీసుకొచ్చారు. ఆటో చాలక కార్లు మాట్లాడారు. దుకాణం ముందు ‘అరటికాయ వేపుడు లేదా తత్సమానం’ అని ఎర్ర అక్షరాల బోర్డు ఉంది. బోర్డు కింద ఊరి కార్లు ముందెన్నడూ లేనంత బారుగా ఆగి ఉన్నాయి. సంచాలకులు ఆ బారు చూసి పొంగిపోయారు. దిగీ దిగగానే నాకు వాసన తగిలింది. మా ముగ్గురిలో నాకొక్కడికే ముక్కు పనిచేస్తుంది. సంచాలకులకి ఆ రోజు జలుబు, భీమశంకరం గారికి ఇన్ని పరీక్షలయ్యాక కూడా ఆ వాసన దేనిదో తెలియదు.

మొదటి పొయ్యి మీద పెనంలో ఏటవాలుగా కోసిన ముక్కలు కాలుతున్నాయి. అవి అరటి చెట్టుకి కాసినవి కావు. టార్పాలిన్ నీడలో స్టీలు క్యాను పక్కన పెట్టుకుని మంచుమెట్ట సోమన్న కూర్చున్నాడు. ద్రాక్షరసానికి తత్సమానం అందులో ఉంది. మా బీరువాలో మూడు సీసాలు ముద్రలతో భద్రంగానే ఉన్నాయి. ఇది రెండో కాపు అయి ఉండాలి. అతను నన్ను చూసి దణ్ణం పెట్టి, బాగుందండి, చేపతో చాలా బాగుందండి అని చెప్పబోయి, మధ్యలో ఆగి, తత్సమానంతో అని దిద్దుకున్నాడు.

నాకు భయం వేసింది. నా ఉద్యోగం గురించి కాదు. నేను నోరు తెరిస్తే సాయంత్రానికి ఆ నాలుగు కర్రలూ పీకేస్తారు. తెరవకపోతే నేను విధి తప్పినట్టు. బోర్డు మరోసారి చదివాను. ఉత్తర్వుని అక్షరం పొల్లుపోకుండా అమలు చేసిన దుకాణం జిల్లాలో అదొక్కటే. నోరు మూసుకున్నాను.

నూకరత్నం విదేశీయులకి మూడు పళ్లేలు పెట్టింది. సోమన్న గ్లాసుల్లో పోశాడు. ఇది మా అరటికాయ అని సంచాలకులు ఇంగ్లీషులో చెప్పారు. వాళ్లు ఒక ముక్క తిన్నారు, ఒక గుక్క తాగారు. వాళ్ల మొహాలు ఒక విధంగా అయిపోయాయి.

సంచాలకులు నా మోచెయ్యి పట్టుకున్నారు. ‘‘అవే మొహాలు,’’ అన్నారు. ‘‘నేను చెప్పిన మొహాలు ఇవే.’’

ఆ ముగ్గురిలో పెద్దాయన ఇలాంటి అరటికాయ ప్రపంచంలో ఎక్కడా తినలేదన్నాడు. ఇది ఏ రకమని అడిగాడు. స్థానిక రకమని సంచాలకులు చెప్పారు. అంతలో ఆ పెద్దాయన నోట్లోంచి సన్నటి ముల్లు ఒకటి తీసి పళ్లెం అంచున పెట్టాడు. సంచాలకులు వంగి చూశారు. ఇదేమిటని అడిగారు.

నూకరత్నం చేతిలో అట్లకాడ ఆగిపోయింది. ఆవిడ నా వైపు చూసింది. అత్తగారి నాటి జాగా అంతా ఆ ముల్లు మీద ఉంది.

‘‘పీసు బాబూ,’’ అంది.

సంచాలకులు సాంకేతిక సభ్యుల అభిప్రాయం కోరారు. భీమశంకరం గారు కళ్లజోడు సవరించుకుని, ముల్లుని రెండు వేళ్లతో పట్టుకుని, వెలుతురుకి పెట్టి, అటూ ఇటూ వంచి చూశారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక చేప తినలేదని ప్రమాణపత్రం ఉంది, కాబట్టి ముల్లు ఎరిగే అవకాశమే లేదు. పీచే అన్నారు. ఉప్పుగాలి తగిలే నేలల్లో అరటికి పీచు ముదురుతుందని కూడా చెప్పారు. విదేశీయులు ఆ మాట రాసుకున్నారు. నిష్పక్షపాతులైన సభ్యులే ఉండాలన్న నిబంధన ఎంత మంచిదో నాకు ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది.

సంచాలకులు అక్కడికక్కడే నూకరత్నం దుకాణానికి ఆ జాగాని శాశ్వతంగా ఖాయం చేస్తున్నట్టు ప్రకటించారు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. పొగ వల్ల అని అందరూ అనుకున్నారు. తర్వాత ఆయన ఉత్సాహం పట్టలేక ఆ పెనంలోని ముక్క మీదికి చెయ్యి చాపారు. నూకరత్నం అట్లకాడ అడ్డం పెట్టింది.

‘‘మీకిది కాదు బాబూ. మీకా పెనం,’’ అని రెండో పొయ్యి చూపించింది. ‘‘ఆళ్లకి పెట్టింది తత్సమానం. మీకు అసలుది ఏత్తాను.’’

అతిథులకి తత్సమానం, తనకి అసలుది. సంచాలకులకి ఆ గౌరవం నచ్చింది. అరటికాయ ముక్క నోట్లో పెట్టుకుని, ద్రాక్షరసం ఒక గుక్క తాగి, ఎదురుగా ఉన్న ముగ్గురి మొహాలూ చూస్తూ కాసేపు నిలబడ్డారు. తర్వాత నా వైపు తిరిగి, తన మొహం కూడా అలాగే అయిందా అని మెల్లగా అడిగారు.

తత్సమానంగా ఉందండి అన్నాను.